ఇంజన్‌కు పోసిన మందు

బార్కస్ సడక్ మీద సాలెహ్ భాయ్ హోటల్ల పొద్దుగాల ప్రేమ్‌రాజ్ నోరు తెరిచిండంటే చాయ్ చల్లారుతది గాని ఆయన ముచ్చట చల్లారది. ఆయనకు యాభై దాటినయి, బండ్ల సీట్ కవర్లు కుట్టే దుకాణం ఉన్నది, చేసే పని సూదీ దారం పని. కాని ఆయన మాటలు వింటే పాతబస్తీల తిరిగే ఇంజన్లన్నిటికీ ఆయనే పురుడు పోసిండేమో అనిపిస్తది. దినాం వచ్చి వినేటోళ్లకు ఇదంతా ఎరికే. వింటరు, నవ్వుతరు, చాయ్ తాగి ఎవల పనికి వాళ్లు పోతరు.

ఆ రోజు ఒక్క మనిషి మాత్రం నవ్వుతలేడు. ఆటో నడిపే సామ్యూల్. చాయ్ కప్పు చేతుల పట్టుకోని గోడ పక్క బల్ల మీద కూసున్నడు, కూసున్నడే గాని గుటక దిగుతలేదు.

దిగుతదా మరి? వారం సంది ఆయన ఆటో ఇంజన్ల టకటక చప్పుడు. మెకానిక్‌ను అడిగితే రెండు దినాలు బండి ఇడిసిపెట్టి పొమ్మన్నడు. నిన్న ఇదే బల్ల మీద ప్రేమ్‌రాజ్ వీపు మీద చెయ్యేసి, "మెకానిక్ ఎందుకు తమ్మీ, ఆయిల్ల పోసే మందు ఉంటది, కార్లల్ల పోసుకుంటరు, నేను ఏండ్ల సంది వాడుతున్న, ఒక్క డబ్బా పొయ్యి, చప్పుడు మాయం" అన్నడు. అని ఊకున్నడా, దుకాణంకెల్లి డబ్బా తెచ్చి చేతుల పెట్టిండు. ఈ పొద్దు ఆరు గంటలకు సామ్యూల్ యేసయ్యను తలుసుకోని డబ్బా మొత్తం ఆయిల్ల ఒంపిండు. చప్పుడైతే నిజంగనే తగ్గింది. కాని హోటల్‌కు వస్తుంటే స్పీడ్ బ్రేకర్ కాడ రేస్ ఇస్తే ఇంజన్ ఒర్రుతున్నది, బండి మాత్రం కదుల్తలేదు. మళ్లీ గుంజితే ఎట్లనో కదిలింది.

ఇంట్ల రాహేలుకు నెలలు నిండినయి, బీపీ ఎక్కింది. పది గంటలకల్లా దవాఖానల చేరాలని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. మూడేండ్ల కింద మొదటి కాన్పుకు పోతుంటే ఎక్కిన ఆటో నడి తోవల ఆగిపోయింది. ఇంకోటి దొరికి దవాఖానకు చేరేసరికి బిడ్డ దక్కలే. ఆ తర్వాతనే సామ్యూల్ సొంతంగ ఆటో తీసుకున్నడు. "ఈసారి మన బండ్లనే పోదాం రాహేలూ, నడుమల ఆగనియ్య" అన్నడు. ఇప్పుడేమో గంట ఎనిమిదిన్నర. దవాఖానకు పోవాలంటే ఫ్లైఓవర్ ఎక్కాలె.

ప్రేమ్‌రాజ్‌ను పక్కకు పిలిచి అడుగుదామనే వచ్చిండు పాపం. వచ్చేసరికే ఆయన షురూ చేసిండు.

"చప్పుడు పోవుడు ఒక పెద్ద ముచ్చటనా భాయ్? నా మోటర్ సైకిల్‌కు గూడ వస్తుండె, మూత నిండ మందు పోసిన, పిల్లి నడిసినట్టు నడుస్తది. గది వదిలెయ్యి. పోయిన ఎండకాలం ఒక్కన్నే శ్రీశైలం పోయిన. మన్ననూర్ దాటినంక కింద టంగ్ మన్నది. ఏందిరా అని వంగి చూస్తే ఆయిల్ బోల్ట్ ఊడిపోయింది, ఉన్న ఆయిలంత సడక్ పాలు. వేరేటోడైతే ఏడుస్తుండె. నేను నవ్విన. ఎందుకో తెలుసా? మందు తాగిన ఇంజన్ భాయ్ అది, ఆయిల్‌తోని దానికేం పని? పది కిలోమీటర్లు నడిపిన. పది అన్ననా? నలభై. ఘాట్ మీద, ఎండల, చుక్క ఆయిల్ లేకుంట."

"ఫిర్ క్యా హువా?" అన్నడు గల్లా మీదికెల్లి సాలెహ్ భాయ్, చిల్లర లెక్కపెట్టుకుంటనే.

"ఏమైతది, ఇంజన్ మీద చెయ్యి పెడితే చల్లగ మంచుగడ్డ ఉన్నట్టు ఉన్నది. తోవల కోతులు ఎండకు తాళలేక వచ్చి ఇంజన్‌ను కావలిచ్చుకున్నయి. ఒకటి కాదు, పదకొండు. వాటిని దింపేసరికి నా తాతలు దిగొచ్చిన్రు."

బల్లల మీద నవ్వులు లేచినయి. ఆయిల్ లేకుంట నడిచిందట, ఇది నిజమైతే ఎంత మంచిగుండు, దేవా, ఇందుల సగమన్న నిజం కానియ్యి అనుకున్నడు సామ్యూల్. అబద్ధమని మనసుకు తెలుస్తనే ఉన్నది, అయినా దాన్నే పట్టుకోని యాలాడుతున్నడు.

"అన్నా, ఒక్క మాట..." అన్నడు.

"ఆగు తమ్మీ, అసలుది ముందలున్నది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దుగూకుతున్నది, అడివి నడుమల పెట్రోల్ ఖతం. టాంకీల ఊపితే గాలి చప్పుడు. అగో, అప్పుడొచ్చింది పులి! సడక్ మధ్యల కూసున్నది, తోక గింతపొడుగు. నేను బండి ఆపుదామని చూసిన. ఆగుతదా? ఆగది! మందు గట్లాంటిది భాయ్, ఇనుముకు ఇనుము తాకుతది, కాని పట్టు అన్నదే ఉండదు, అంత జారుడే జారుడు. బ్రేక్ తొక్కిన, ఆగలే. తాళం తీసి జేబుల పెట్టుకున్న, ఆగలే. పెట్రోల్ లేదు, ఆయిల్ లేదు, తాళం లేదు, బండి పోతనే ఉన్నది. పులి చూసింది, నా మొఖం చూసింది, బండిని చూసింది, లేచి పక్కకు జరిగింది. సలాం కొట్టిందని అంటే మీరు నమ్మరు, అందుకే అంటలేను."

"పులినా, పిల్లినా?" అన్నరు ఎవరో వెనుక బల్లకెల్లి.

"నువ్వుంటే తెలుస్తుండె బిడ్డా! ఇంటికొచ్చిన, అయినా ఆగుతలేదు. అరుగు మీద స్టాండ్ వేసిన, చక్రం తిరుగుతనే ఉన్నది. మూడు దినాలు! మా కమల ఆ చక్రానికి బెల్ట్ వేసి ఇడ్లీ పిండి రుబ్బుకున్నది. గల్లీ అంతటికీ రుబ్బింది. నాలుగో దినం నేనే బండి ముందల నిలబడి దండం పెట్టిన, తల్లీ, ఇగ చాలు, ఆగు అని. అప్పుడు ఆగింది."

హోటల్ మొత్తం నవ్వింది. సాలెహ్ భాయ్ సైతం గల్లా మూసి నవ్విండు. ఒక మూలకు కూసున్న ఎల్లప్ప మాత్రం సాసర్ల చాయ్ ఒంపుకోని ఊదుకుంట ఉన్నడు. ఆయన కంచన్‌బాగ్‌ల లోహాల కార్ఖానల ముప్పై ఏండ్లు పనిచేసి రిటైర్ అయిండు. పొద్దంత నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ.

"ప్రేమ్‌రాజ్, పులి సంగతి పులికి తెలుసు. నాకొకటి చెప్పు. పట్టు అన్నదే ఉండదు, అంత జారుడే అన్నవు గద. కార్లల్ల క్లచ్ ఆయిల్‌కు దూరంగ, ఎండుగ ఉంటది, జారినా ఫికర్ లేదు. మోటర్ సైకిల్, ఆటోలల్ల క్లచ్ ప్లేట్లు అదే ఇంజన్ ఆయిల్ల మునిగి ఉంటయి. దాంట్ల పట్టు లేకుంట చేసే మందు పోస్తే ప్లేట్లు ఎట్ల పట్టుకుంటయి? ఇంజన్ ఒర్రుతది, చక్రానికి జోర్ అందదు. చదును మీద ఎట్లనో నడుస్తది. ఎక్కుడు వస్తే, బరువుంటే, ఆడనే నిలబడుతది. ఎనుకకు గూడ జారుతది."

సామ్యూల్‌కు పొద్దుగాలటి స్పీడ్ బ్రేకర్ యాదికొచ్చింది. ఫ్లైఓవర్ కండ్ల ముందల కనపడ్డది, ఎనుక సీట్ల రాహేలు రెండు చేతులతోని కడుపు పట్టుకోని, బండి ఎనుకకు జారుతుంటే, దాని ఎనుక బస్సులు, లారీలు.

"ఏ, కార్ఖానోళ్లకు పుస్తకాల ముచ్చట్లే ఎరిక," అన్నడు ప్రేమ్‌రాజ్ చెయ్యి ఊపుకుంట. "నేను అనుభవం మీద చెప్తున్న..."

అప్పుడే సామ్యూల్ జేబుల ఫోన్ మోగింది. రాహేలు.

"ఏమయ్యా, ఏడున్నవు? నడుముల నొప్పి లేసింది. మెల్లగనే ఉన్నది గాని లేసింది. పదింటిదాక ఆగద్దు, జల్ది రా. నాకు బుగులైతున్నది."

"వస్తున్న, వస్తున్న," అన్నడు సామ్యూల్. ఫోన్ పెట్టేసి లేచిండు. లేస్తుంటే బల్ల ఊగి చాయ్ ఒలికింది, చూసుకోలే. సీదా పోయి ప్రేమ్‌రాజ్ ముందల నిలబడ్డడు.

"అన్నా, నువ్విచ్చిన డబ్బా పొద్దుగాల మొత్తం పోసిన."

ప్రేమ్‌రాజ్ నవ్వు మొఖం మీదనే ఆగింది. "మొత్తమా?"

"మొత్తం. స్పీడ్ బ్రేకర్ కాడ జారింది. ఇంట్ల రాహేలుకు నొప్పులు లేసినయి. నాకు భయమైతున్నది అన్నా. నువ్వు ఏండ్ల సంది పోస్తున్న అన్నవు గద. రా, నా ఆటోల ఎనుక సీట్ల కూసో. ముందుగాల మనిద్దరం ఫ్లైఓవర్ ఎక్కి దిగుదాం, పది నిమిషాల పని. నువ్వు కూసున్నంక బండి ఫ్లైఓవర్ ఎక్కితే, అదే బండ్ల రాహేలును ఎక్కిస్త. లే అన్నా."

హోటల్ల అందరు ప్రేమ్‌రాజ్ దిక్కు తిరిగిన్రు.

"నాదేమో మోకాళ్ల నొప్పి తమ్మీ," అన్నడు ప్రేమ్‌రాజ్. "దుకాణం గూడ తీయాలె. పోయి రా, ఏం గాదు..."

"ఏం గాకుంటే కూసో అన్నా."

"అంటే, ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఉంటది గద ఈ టైంల..."

"రాహేలు పోయేటప్పుడు ఉండదా ట్రాఫిక్?"

ప్రేమ్‌రాజ్ సామ్యూల్ దిక్కు చూసిండు. సామ్యూల్ కండ్ల నీళ్లు తిరుగుతున్నయి, కాని చూపు తిప్పుతలేడు. అందరి ముందల పెద్దమనిషి మొఖం పాలిపోయింది.

"వద్దు తమ్మీ," అన్నడు, గొంతు లోపలికెల్లి. "దాంట్ల రాహేలును ఎక్కియ్యకు. నేను గూడ ఎక్క."

"నీ బండ్ల ఏండ్ల సంది పోస్తున్న అన్నవు."

"చుక్క గూడ పొయ్యలే. నాకు భయం. బండి ఖరాబైతే కమల సంపుతది. ఎవడో సీట్ కవర్ కుట్టించుకునేటోడు కారుకు కొన్నది, మరిసిపోయి దుకాణంల వదిలి పోయిండు, ఆ డబ్బా నీకిచ్చిన. శ్రీశైలం బస్సుల పోయిన. ముచ్చట కోసం అన్న భాయ్, మీరు నవ్వుతరని అన్న. నువ్వు నమ్ముతవనుకోలే."

"మాటలు కోటలు దాటినయి," అన్నడు ఎల్లప్ప, సాసర్ కింద పెట్టి. "ఇప్పుడు ఆ పిల్ల గడప ఎట్ల దాటాలె, అది చూడున్రి. ఆయిల్ తీసి కొత్తది పోసి క్లచ్ ప్లేట్లు చూసుకునుడు రేపటి పని. తాళం నా కాడ పెట్టి పో బిడ్డా, బండిని నేను చూసుకుంట."

సామ్యూల్ తాళం ఎల్లప్ప చేతుల పెట్టిండు. అప్పటికే ప్రేమ్‌రాజ్ లేచి బయటికి ఉరికిండు, మోకాళ్ల నొప్పి ఏమైందో ఏమో. సడక్ నడుమల నిలబడి రెండు చేతులు చాపిండు. ఒక మోటర్ సైకిల్ తప్పించుకోని పోయింది, ఇంకోడు తిట్టిండు, ఆయన జరగలే. ఎదురుంగ వచ్చిన ఖాళీ ఆటో బ్రేక్ కొట్టి ఆయన కాళ్ల కాడ ఆగింది.

"మర్నా హై క్యా చాచా? కహాఁ జానా?" అన్నడు డ్రైవర్, సావాలనుందా, ఏడికి పోవాలె అని.

సామ్యూల్ ఎక్కి, ఇంటి గల్లీ చెప్పి, ఆడికెల్లి దవాఖానకు పోవాలన్నడు. మల్ల ఆగి, "భాయ్, ఇంజన్ల ఏమన్న మందు పోసినవా?" అని అడిగిండు.

"ఆయిల్ తప్ప ఏం పొయ్య భాయ్," అన్నడు డ్రైవర్ పరేషాన్‌గ చూసుకుంట.

ప్రేమ్‌రాజ్ ఆటో కడ్డీ పట్టుకోని నిలబడ్డడు. "నేను గూడ వస్త తమ్మీ. మీ ఇంటి మెట్లు రాహేలును దింపనీకి ఒక మనిషి ఆసర కావాలె గద."

సామ్యూల్ ఒక్క క్షణం ఆయన దిక్కు చూసిండు. తిడుదామని నోటి దాక వచ్చింది. తిట్టే టైం లేదు, మెట్ల కాడ నిజంగనే ఇంకో మనిషి కావాలె. పక్కకు జరిగి జాగ ఇచ్చిండు.

"ఎక్కు అన్నా. కాని రాహేలు ఎంతసేపట్ల చేరుతం అని అడిగితే, నువ్వు చెప్పకు. నేను చెప్త."