పైనుంచి కిందికి కట్టిన ఇల్లు

"ఏమన్నాడో తెలుసా, నా ఇల్లు చూడ్డానికొచ్చిన ఆ మునిసిపాలిటీ ఇంజనీరు? 'ఇది ఇల్లా, చెత్తకుప్పా?' అన్నాడు. నా మొహం మీదే! కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని మరీ అన్నాడు!"

గునపం మేస్త్రీ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. సగం టీ ఒలికిపోయింది. ఆయన పని ఇళ్ళు కూల్చడం. గునపం పట్టిన ఆ చెయ్యి తాపీ పట్టగా చూసినవాళ్ళు లేరు. అయినా కూల్చిన ఇళ్ళలో మిగిలిన ముక్కాచెక్కాతోనే, ఆ రబ్బీసుతోనే సొంతిల్లు కడుతున్నానని ఏడాదిగా ఈ టీ కొట్టులో చెబుతూనే ఉన్నాడు. అద్దెగది ఖాళీ చెయ్యమని ఓనరు అన్నప్పటినుంచీ ఇంకా గట్టిగా చెబుతున్నాడు.

"ఇంతకీ ఎంతవరకు వచ్చింది మావయ్యా?" అన్నాడు ప్లంబరు, పక్కనున్న లారీ డ్రైవరుకి కన్నుకొడుతూ.

"పళ్ళికిలించకు! మొదట్నుంచీ విను. ఒక పాతిల్లు పడగొడుతున్నాం. టేకు గుమ్మంరా, చెయ్యేసి నిమిరితే నున్నగా ఉంది. ఆ ఇంటాయన 'పొయ్యిలో పెట్టుకోండి' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషన్నవాడు అనే మాటేనా అది? భుజానికెత్తుకుని పోయి నా స్థలంలో నిలబెట్టాను. ఇందులో అబద్ధముంటే ఈ టీ నా గొంతు దిగదు."

"దిగిందిగా, నమ్మాం," అన్నాడు టీ కొట్టాయన బల్ల తుడుస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక గుమ్మం వచ్చిందని తెలిసి మిగతావన్నీ వచ్చాయి. తలుపులు, కిటికీలు, ఊచలు, అన్నీ! జనం పారేసిన సరుకు. అన్నీ నిలబెట్టాను. మరుసటి రోజు పైకప్పు వేశాను. పగిలిన శ్లాబు ముక్కలు పొడి చేసి, వంకర రాడ్లు ఈ చేతులతోనే సాపు చేసి..."

"ఆగాగు. గోడలు లేకుండా కప్పా?" అన్నాడు లారీ డ్రైవరు.

"అదే! ఆ ఇంజనీరూ అదే కూశాడు! ఒరే, కూల్చేటప్పుడు మేం ముందు తలుపులు పీకుతాం, తర్వాత కిటికీలు, తర్వాత కప్పు, ఆ తర్వాత గోడలు. ముప్పై ఏళ్ళుగా చేతికి పట్టుబడ్డ వరస అది. ఎవడో కాగితం మీద గీతలు గీశాడని మార్చుకుంటానా? మీరంతా కిందనుంచి పైకి కట్టుకోండి. నేను పైనుంచి కిందికి కడతాను."

"మరి ఆ కప్పు దేనిమీద నిలబడింది?"

"నా మాట మీద నిలబడిందిరా! మాట మీద నిలబడటమంటే నీకేం తెలుసు? పొద్దున్నే లారీ తెస్తానని సాయంత్రానికి ఈడ్చుకొచ్చేవాడివి!"

డ్రైవరు తల గోక్కున్నాడు. అది మాత్రం నిజమే.

"మొన్నటి ఎండకి ఈ కొట్టు రేకు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కిందా లేదా? అదే ఎండలో నా కప్పు కింద నేను దుప్పటి కప్పుకుని వణికాను. నా ఇంటి చల్లదనానికి వాళ్ళ పిల్లలకి జలుబు చేసిందని పక్కస్థలం వాళ్ళు దెబ్బలాటకొచ్చారు! ఇక వాన పడిందనుకో, చుక్క నేల మీద పడదు. కప్పే తాగేస్తుంది, కప్పే వడగడుతుంది. ఒక కుళాయిలో చన్నీళ్ళు, ఒక కుళాయిలో వేణ్ణీళ్ళు."

"పైపులెవరు వేశారు మావయ్యా?"

"ఎవరూ వెయ్యలేదు! నువ్వు వేసుంటే ఈపాటికి కారుతుండేవి!"

అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. ఆయన కోపం నవ్వులకి తగ్గే రకం కాదు, నవ్వినకొద్దీ రాజుకునే రకం.

"గోడల సంగతి చెప్పనివ్వండి! ఇద్దరు అన్నదమ్ములు పంచుకోవడానికని బంగారంలాంటి ఇల్లు పడగొట్టించుకున్నారు. చెరి సగం కావాలట! ఆ ఇటుకలు తెచ్చి నా స్థలంలో దిమ్మరించానో లేదో, రాత్రికి రాత్రి వాటంతటవే లేచి, పక్కపక్కన చేరి, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. సిమెంటు అడగలేదు, నీళ్ళు అడగలేదు. ఒక కడుపున పుట్టినవాళ్ళకి లేని బుద్ధి ఇటుకలకుంది. ఛీ! మొన్న భూమి అదిరింది, మీకెవరికైనా తెలిసిందా?"

"లేదే!"

"ఎలా తెలుస్తుంది? నా ఇల్లు అదిమి పట్టుకుంది. లేకపోతే ఈపాటికి మీరంతా ఆ మురిక్కాలవలో ఉండేవాళ్ళు. ఒక్కడైనా వచ్చి 'మేస్త్రీ, చల్లగా ఉండు' అన్నాడా?"

"మీ ఇంటావిడ చూసిందా మరి?" అన్నాడు టీ కొట్టాయన.

"చూడకపోవడమేమిటి? 'వంటగది ఇరుగ్గా ఉందయ్యా' అంది. అనీ అనగానే గోడ అడుగు వెనక్కి జరిగింది! మనిషి మాట వినే ఇల్లు అది. మా గది ఓనరున్నాడు చూడు, వాడు వింటాడా? పిల్లలు మెట్ల మీద పరిగెడుతున్నారట, చప్పుడట, ఈ వారంలో ఖాళీ చెయ్యాలట. పిల్లలు పరిగెత్తకపోతే మనం పరిగెత్తాలా? వాళ్ళకి నవ్వొస్తే మా ఆవిడ వాళ్ళ నోటికి చెయ్యి అడ్డం పెడుతుందిరా. నా పిల్లలు నవ్వడానికి వాడి పర్మిషనా? తాళం వేసుకోమను! నా ఇల్లుండగా నాకేం భయం!"

ప్లంబరు మేస్త్రీకి ఇంకో టీ చెప్పాడు.

అప్పుడే ఒక ఆటో వచ్చి కొట్టు ముందు ఆగింది. వెనక పరుపు చుట్ట, దాని మీద కాళ్ళు పైకి పెట్టిన కుర్చీ, తాడుతో కట్టి ఉన్నాయి. లోపల గిన్నెల మూటల మధ్య ఇద్దరు పిల్లలు ఇరుక్కుని కూర్చున్నారు. మేస్త్రీ భార్య దిగింది.

"ఓనరు తాళం వేసేశాడు," అంది. గొంతు తగ్గించలేదు.

"వాడి అంతు నేను..."

"వాడి అంతు తర్వాత చూద్దువుగాని. ఇల్లు పూర్తయిందని పిల్లలకి చెప్పావు. వాళ్ళు గెంతుకుంటూ ఆటో ఎక్కారు. ఎటు పోవాలని ఆటో అతను అడుగుతున్నాడు. చెప్పు."

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. కొట్టువైపు చూశాడు, రోడ్డువైపు చూశాడు.

"అసలు ఆ ఇంజనీరు వెధవ..."

"ఇంజనీరు గొడవ నాకెందుకయ్యా? ఇల్లెక్కడ?"

"అంతా అయిపోయిందే," అన్నాడు మేస్త్రీ. ఇంతసేపటికి ఆయన నెమ్మదిగా మాట్లాడటం అదే మొదలు. "పునాది ఒక్కటే మిగిలింది."

ఎవరూ నవ్వలేదు. పొద్దుట్నుంచీ నవ్వడానికే కూర్చున్న ప్లంబరు కూడా తల దించుకుని ఖాళీ గ్లాసులోకి చూశాడు.

ఆవిడ మొగుణ్ణి ఒక క్షణం చూసి ఆటో ఎక్కింది. "మా అన్నయ్య వాళ్ళింటికి పోనివ్వు బాబూ. బస్టాండు దాటాక ఎడమవైపు."

మేస్త్రీ గబగబా వెళ్ళి ఆటో కమ్మీ పట్టుకున్నాడు. ఎక్కబోయాడు. ఆవిడ గిన్నెల మూట జరిపి, ఆ కాస్త ఖాళీలో చిన్నదాన్ని సర్ది కూర్చోబెట్టింది.

"నీకు చోటు లేదు," అంది. "పునాది వేసి రా."