ముల్లు నిలవడం లేదు

నా మరిది ప్రయాణానికి నేను సంచి సర్దుతున్నాను. అతను గుమ్మంలో నిలబడి చేతులకంటిన నూనె తుడుచుకుంటున్నాడు.

"ఆ చొక్కా మడతపెట్టడం ఇది మూడోసారి వదినా. అదేమైనా పెళ్ళికొడుక్కి పంపేదా?"

"నలిగింది. ఇలా తొడుక్కుని వెళితే క్వారీ వాళ్ళు నీకు ఇంట్లో ఆడదిక్కు లేదనుకుంటారు."

"కొండ అవతల రాళ్ళు కొట్టేచోట నా చొక్కా ఎవరు చూస్తారు? ట్రాక్టరు వెనక నీళ్ళ ట్యాంకరు కట్టి రెండు నెలలు లాగాలి, అంతే. ఇటివ్వు, నేను కుక్కేస్తా."

"నువ్వు కుక్కితే స్పానర్లూ బనీన్లూ ఒకటవుతాయి. ఉండు. ఇంతకీ ముల్లు ఎంత చూపిస్తోంది?"

"ఏ ముల్లు?"

"పొద్దుటినుంచీ ట్రాక్టరు ముందు గొంతుక్కూర్చుని ఏ ముల్లు చూస్తున్నావో ఆ ముల్లు."

"ఓ, ఆయిల్ ప్రెషరా. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది."

"వేడెక్కాక?"

"వేడెక్కాక కొంచెం దిగుతుంది."

"కొంచెమంటే?"

"కొంచెమంటే కొంచెమే."

"నిన్న సాయంత్రం సున్నా మీద ఉంది. నేను చూశాను."

"మీటరు చదవడం నీకెవరు నేర్పారు?"

"అక్షరాలు ఎవరు నేర్పారు? పొట్లాం కాగితాలు చూసి నేర్చుకున్నా. మీటరు అంతకంటే కష్టమా?"

"అది నాన్న ట్రాక్టరు కొన్నప్పటి మీటరు. నాన్నలాగే ఉన్నది ఉన్నట్టు చెప్పదు."

"మాట తప్పించకు. నాలుగు నెలలు ఇంజను మొత్తం విప్పి మళ్ళీ కట్టావు. కొత్త బేరింగులు వేశావు. మరి ప్రెషరు ఎందుకు దిగాలి?"

"అది తెలిస్తే ఈపాటికి దారిలో ఉండేవాణ్ణి."

"తెలీకుండా వెళ్ళడమెందుకు? రేపు వెళ్ళు."

"రేపు రేపంటూ ఇప్పటికి మూడు రేపులయ్యాయి. ఇవాళ చేరకపోతే ఆ పని ఇంకొకడికి ఇచ్చేస్తారు."

"ఒకటి అడుగుతాను. ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు."

"ఆ బేరింగుల మీద అరచందమామల్లాంటి మూతలు బిగిస్తావే. అవి ఒకదాని చోట ఇంకొకటి పడితే ఏమవుతుంది?"

"పడవు."

"పడితే?"

"పడితే ఒకచోట బిగువు, ఒకచోట వదులు. వదులైన చోట ఆయిల్ కారిపోతుంది, ప్రెషరు నిలవదు. ఏ మూత దాని చోటే ఉండాలి."

"ఆ పైన?"

"ఆ పైన ఏముంది, కొండ దిగేటప్పుడు ఇంజను పట్టేస్తుంది. చక్రాలు బిగుసుకుంటాయి. వెనకనుంచి ట్యాంకరు తోస్తుంది. పక్కన లోయ. చాలా? ఎందుకిదంతా?"

"ఊరికే అన్నానుగా."

"నీ మొహం ఊరికే అన్నట్టు లేదు."

"నా మొహం ఎప్పుడూ ఇంతే. తువ్వాలు పెట్టాను. తలనొప్పి మాత్రలు పక్క అరలో ఉన్నాయి. మీ అన్నయ్యకి చెప్పి వెళ్ళు."

"దుకాణం ముందునుంచే గదా పోతాను. హారన్ కొడతా."

"కొండ మీద వానట."

"వానకి మన ముసలి ట్రాక్టరు భయపడదు, నువ్వు భయపడతావు. సంచి ఇలా ఇవ్వు. ఇవ్వు వదినా, పట్టుకుని కూర్చున్నావేం?"

"ఒక్క నిమిషం."

"మళ్ళీ ఏమిటి?"

"ఏం లేదు. వెళ్ళిరా. జాగ్రత్త."

అతను వెళ్ళిన గంటకు, మా ఆయన బట్టలు కుట్టే దుకాణంలో.

"మీ తమ్ముడు వెళ్ళిపోయాడు."

"విన్నాను. ఆ హారనూ మా నాన్న దగ్గూ ఒకటే. ఏమిటే, చెప్పుల్లేకుండా వచ్చావు?"

"మిషను ఆపండి."

"ఈ పాంటు పన్నెండింటికి ఇవ్వాలి. ఆయన ఇప్పటికే రెండుసార్లు…"

"ఆపండి. నేనొక తప్పు చేశాను."

"ఆపాను. చెప్పు."

"అతను ఇంజను విప్పిన రోజుల్లో. ముక్కలన్నీ పాత దుప్పటి మీద పరిచి భోజనానికి కూర్చున్నాడు. బేరింగు మూతలు మసిగొట్టుకుని ఉన్నాయి. పాపం, ఒక్కడే చేసుకుంటున్నాడని నేను కిరసనాయిలు పెట్టి కడిగాను. మెరిసేలా తోమాను."

"మంచిపనేగా."

"వాటి మీద సుద్దముక్కతో అంకెలు రాసుకున్నాడు. తోమితే పోయాయి."

"పోతే?"

"నాకు గుర్తున్నట్టు మళ్ళీ రాశాను."

"గుర్తుందా మరి?"

"అప్పుడు ఉందనే అనుకున్నాను. రాత్రి పడుకుంటే గుర్తు లేదని తెలిసింది."

"వాడికి చెప్పలేదా?"

"అంతకుముందు ఏదో స్ప్రింగు చెత్తలో ఊడ్చేశానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మర్నాటికి ఇంజను బిగించేశాడు. ఇవాళ నోటిదాకా వచ్చింది. వెళ్ళే మనిషితో తగవెందుకని మింగేశాను."

"నవ్వుతూ పంపాలనుకున్నావు."

"పంపాను. నేను పంపినవాళ్ళు ఎలా తిరిగొచ్చారో మీకు తెలుసు. మా అమ్మను అలాగే బస్సెక్కించాను."

"ఇప్పుడు మీ అమ్మ ఎందుకు? ట్రాక్టరుకి ఏమైంది, అది చెప్పు."

"ప్రెషరు నిలవడం లేదు. మూతలు మారితే నిలవదని అతనే చెప్పాడు. దిగుడులో ఇంజను పట్టేస్తుందని కూడా అతనే చెప్పాడు. నేను మార్చానని మాత్రం అతనికి తెలీదు."

"ఏమో, నాకు సూదీ దారం తప్ప ఏం తెలీదు. ఎంతసేపయింది?"

"గంట."

"ఆ ముసలిది ఎంత పరిగెత్తినా మనిషి నడకే. స్కూటరు మీద వెళితే కొండ దిగకముందే అందుకుంటా. తాళాలు ఏవీ? అదిగో, సుద్దపెట్టె కింద."

"వాన."

"అయితే గొడుగు పట్టుకుని స్కూటరు నడపమంటావా? ఏడవకు. పాంటాయన వస్తే బొత్తాలు మిగిలాయని చెప్పు. వాడితో ఏమనమంటావు?"

"వదినే చేసిందనండి. ఎంతైనా తిట్టమనండి. తిరిగి తీసుకురండి."

"తిట్లు ఇంటికొచ్చి నీ ముందే తిడతాడు. ఇద్దరికీ వంట చేసి ఉంచు."

ఆ మధ్యాహ్నం మూడింటికి, మా వాకిట్లో.

"వదినా, మంచినీళ్ళు."

"వచ్చావా. వచ్చావా నాయనా. ఆయనేరీ?"

"ఎవరు?"

"మీ అన్నయ్య."

"దుకాణంలో లేడా? తలుపు వేసుంటే భోజనానికి వచ్చాడనుకున్నా."

"నీ కోసమే వచ్చారు. స్కూటరు మీద. నువ్వు కొండ దిగకముందే నిన్ను ఆపాలని."

"నేను అసలు కొండ ఎక్కలేదే. వంతెన దాటగానే ముల్లు సున్నాకి వచ్చింది. పొద్దున నువ్వు అడిగిన తీరు గుర్తొచ్చి, పక్కన ఏదో షెడ్డుంటే దాని వెనక్కి తిప్పాను. ప్రెషర్ వాల్వు విప్పితే లోపల గోరంత ప్యాకింగు ముక్క. అది అడ్డుపడి వాల్వు మూసుకోవడం లేదు, ఆయిలంతా వెనక్కి పోతోంది. తీసి తుడిచి బిగించా. ఇప్పుడు ముల్లు ఎంత వేడెక్కినా కదలడం లేదు."

"మరి మూతలు?"

"మూతలకేం?"

"నేను కడిగాను. నీ అంకెలు పోయాయి. నేను మళ్ళీ రాశాను, తప్పో ఒప్పో."

"అదా. నాకు తెలుసు."

"తెలుసా?"

"నీ మూడు ఎప్పుడూ తిరగబడి ఉంటుంది వదినా. అద్దంలో చూసి రాసినట్టు. చూడగానే తెలిసింది."

"మరి…"

"సుద్ద అంకెలు నమ్మి ఇంజను కడతారా ఎవరైనా? విప్పకముందే ప్రతి మూత మీదా ఉలితో గాట్లు పెట్టుకున్నా. ఒకటోదానికి ఒక గాటు, రెండోదానికి రెండు. అవి చూసే బిగించాను. సుద్దతో రాసింది ఏది ముందు కడగాలో వరస, అంతే. నువ్వు అన్నీ కడిగేశావు, పని తప్పింది."

"తెలిసీ నాతో అనలేదేం?"

"అంటే సిగ్గుపడతావని. స్ప్రింగు గొడవకే మూడు రోజులు నా కంట పడకుండా తిరిగావు."

"నేనా తిరిగింది? నువ్వు మాట్లాడలేదు."

"సరే, ఇద్దరం. అన్నయ్య ఎప్పుడు బయల్దేరాడు?"

"పదిన్నరకి."

"పదిన్నరకి."

"ఏం? ఎదురుపడలేదా? దారిలో ఎక్కడా కనపడలేదా?"

"నేను షెడ్డు వెనక బండి కింద పడుకుని ఉన్నాను. రోడ్డు మీద ఒక స్కూటరు పోయింది. చప్పుడు విన్నాను. ఎవరోలే అనుకున్నా. తల ఎత్తలేదు."

"పోతే పోయారు. అవతలికి వెళ్ళి క్వారీలో అడిగి, నువ్వు రాలేదంటే వెనక్కి తిరుగుతారు. బండి బాగైంది గదా, మరి నువ్వెందుకు వెళ్ళకుండా వచ్చావు?"

"ఇంకో గ్లాసు నీళ్ళివ్వు."

"ఇస్తాను. ఎందుకు వచ్చేశావు?"

"పైకి ఎవర్నీ వదలడం లేదు."

"ఎందుకు?"

"వదినా, నువ్వు ముందు కూర్చో."

"ఎందుకు వదలడం లేదని అడుగుతున్నాను."

"కొండచరియ విరిగి దారి మీద పడింది. పదకొండు దాటాక."

మా ఆయన తిరిగి రాలేదు. అది గురువారం, జూలై పందొమ్మిది.