పఖాళ కుండ

కేంద్రాపడా దగ్గర పల్లె ఆసుపత్రి. టీకాల ఫ్రిజ్‌లో వేడిని నమోదుచేసే లాగర్‌ను జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరమ్మ చేతిలోకి తీసుకుంది. ఫార్మసిస్టు అడ్డుపడ్డాడు.

“అది కంప్యూటర్‌కి పట్టదు మేడమ్. వైరు పోయింది.”

“దీనికి వైరెందుకయ్యా? పెన్‌డ్రైవ్‌లా గుచ్చితే చాలు. ఇదిగో, తెరమీద వేడి గీత వచ్చింది. రోజూ పొద్దున్నే వేడెక్కిందేం?”

“కరెంటు పోతుంది మేడమ్.”

“ఆదివారం మాత్రం పోదేం? దానికీ సెలవేనా? తెరువు ఫ్రిజ్. ఏంటీ కుండ?”

“పఖాళ మేడమ్. అన్నం వండగానే నీళ్లుపోసి వేడివేడిగా ఇందులో పెడతాను. ఈ ఎండలకి చల్లగా ఉంటేగాని ముద్ద దిగదు.”

“పసిపిల్లల టీకాలు ఉడకబెట్టి నీ అన్నం చల్లబెట్టుకున్నావన్నమాట. నీ మనవడికీ ఇందులోవే వేయించావా?”

అతను కుండకేసి చూశాడు.

“వాడికి కటక్‌లో వేయించాం మేడమ్.”