వదులు బూట్లు

విరిగిన కాలికి కట్టు విప్పి వారమైంది. మధ్యాహ్నపు ఎండ గోడ మీద మెల్లగా పైకి పాకుతోంది. మంచం మీద కూతురు కళ్ళు సగం మూసుకుని దాన్నే చూస్తోంది. కింద కూర్చున్న తండ్రి అటక మీంచి దించిన సంచీ విప్పుతున్నాడు.

“ఏం చూస్తున్నావే?”

“ఎండ ఎలా ఎక్కుతోందా అని, నాన్నా. నిద్రలో నేనూ అలాగే కొండరాళ్ళు ఎక్కుతున్నాను. మెలకువొస్తే కాలు రోకలిబండే.”

“పొద్దున బూట్లు వేసి చూశావట, అమ్మ చెప్పింది.”

“వాపుకి సగం పాదమైనా దూరలేదు. రాళ్ళెక్కడం ఇక కలలోనేనేమో.”

“ఇవి గుర్తున్నాయా?”

“నా మొదటి జత. పారేయలేదా? రాళ్ళెక్కే బూట్లు వేళ్ళు ముడుచుకునేంత బిగువుగా ఉండాలి నాన్నా. నువ్వేమో బడి బూట్లలా పెద్దవి తెచ్చావు. ఎంత ఎదిగినా వదులే.”

“ఎదిగే పిల్లవి కదా అన్నాను.”

“బూటు మొనల్లో గుడ్డపేలికలు కుక్కుకుని ఎక్కాను. పడవలేసుకొచ్చిందని అందరూ నవ్వారు. అయినా ఆ రోజు ఎక్కిన రాయి ఎండకి కాగి, అమ్మ ఒడిలా వెచ్చగా ఉంది. దిగబుద్ధి కాలేదు.”

“కాలు ఇలా ఇవ్వు.”

“వద్దు నాన్నా. ఇదీ పట్టకపోతే తట్టుకోలేను.”

“ఇవ్వమ్మా.”

అతను పేలికలన్నీ లాగేశాడు. వాచిన పాదం మెల్లగా మడమదాకా దిగింది. ఆమె బూటు మొనను గోడ మీద ఎండ పడ్డచోట ఆనించి, అలాగే ఉండిపోయింది.

తండ్రి లేసు ముడి వేస్తూ అన్నాడు: “కాలు పెరుగుతుందని అప్పుడే చెప్పానుగా.”