కొండమీది ఆసుపత్రి

వంటింట్లో గొడవ ఉప్పు డబ్బాతో మొదలైంది.

“వంట చేసేది నేను, డబ్బాలు మార్చేది మీరూనా?”

“పొరపాటైందిలేవే. బుర్ర ఆఫీసులోనే ఉంది. మా నెట్‌వర్క్‌లో ఏ సమాచారం ఏ దారిన పోవాలో చెప్పే కంప్యూటర్, అదే కంట్రోలర్‌ని, హెడ్డాఫీసులోనే పెట్టమంటున్నాడు మా బాసు. అన్ని ఊళ్ళకీ కలిపి చూస్తే సగటు ఆలస్యం అక్కడుంటేనే తక్కువట.”

“మంచిదేగా?”

“కొండమీది ఆసుపత్రికి అది మరీ దూరం. ఆపరేషన్ మధ్యలో అక్కడి డాక్టరు ఇక్కడి పెద్ద డాక్టర్ని వీడియోలో సలహా అడుగుతుంటే, కంట్రోలర్ నుంచి దారి తెలిసేదాకా తెరమీద బొమ్మ ఆగిపోతుంది.”

“ఆ మాట ఆయనతో అనలేదా?”

“అంటే ఈసారీ నా ప్రమోషన్ ఊసెత్తడు.”

“పోయినేడు ఎత్తాడా? మనం బతకలేదా ఏంటి?”

భోజనాల దగ్గర అతను తల్లికి వడ్డిస్తూ అన్నాడు:

“అమ్మా, కంట్రోలర్‌ని ఆసుపత్రికి దగ్గరగా కొండ కిందే పెట్టాలని రేపు బాసుకి రాసిస్తున్నా. మిగతావాళ్ళకి రెప్పపాటు ఆలస్యమైతే అవనీ. ప్రమోషన్ రాకపోయినా ఫర్వాలేదంది నీ కోడలు.”