బోర్డు మీద మూడో పాట

కాస్త పక్కకి జరగమందామంటే మీరు జరగలేరు. ఈ మూలకి కుంచె అందట్లేదండీ. రేపు సమాధుల పండగ. నిన్ననే వచ్చి సున్నం వేసుకుందామంటే నిన్నంతా ఏలూరులోనే సరిపోయింది. ఎందుకంటారా? మీ గురించి చెప్పడానికి.

నవ్వకండి. లాటరీలకీ కాసినోలకీ ప్రభుత్వం లైసెన్సులిస్తుందని అందరూ అనుకుంటున్నారు, వద్దంటూ సభ పెట్టారు. పాస్టరు అయ్యగారు సంతకాల కాగితం పట్టుకుని చర్చి నుంచి తిన్నగా మనింటికే వచ్చారు. యేసమ్మగారూ, మొదటి సంతకం మీదే ఉండాలి, మీరు పడ్డ బాధ ఎవరు పడ్డారు అన్నారు. అదీ నిజమే. దోనె అమ్మారు, వలలు అమ్మారు, నా చెవి దుద్దులు ఏమయ్యాయో ఇప్పటికీ నాకు తెలీదు.

సభలో ఉన్నదే చెప్పాను. మా ఆయన ఇరవై రెండేళ్ళు చర్చిలో ఆ పూట పాడే పాటల నంబర్లు బోర్డు మీద పెట్టిన మనిషండీ, ఆ నంబర్లతోనే మూడంకెల లాటరీ ఆడారండీ, పాట నంబరైతే దేవుడు కాదనడని ఆయన నమ్మకం అన్నాను. వెనకాల ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

లైసెన్సు ఇస్తే పన్ను వస్తుంది, దాంతో బడులు కట్టచ్చు అని ఒకాయన లేచాడు. "బాబూ, చాటుగా అమ్మబట్టి మా ఆయన గణపవరం దాకా సైకిలు తొక్కేవారు. చీటీ తెచ్చి పాటల పుస్తకంలో దాచేవారు. ఆ సిగ్గొక్కటే మా ఇంటికున్న తలుపు. మీరు బస్టాండులో కొట్టు పెట్టిస్తే అదీ ఉండదు" అన్నాను. చప్పట్లు కొట్టారండీ. మీరున్న రోజుల్లో మన మాటకి ఎవరు చప్పట్లు కొట్టారు గనక.

అసలు సంగతి అది కాదు. మూడు నెలలుగా మన చర్చి నిండిపోతోంది. ఎప్పుడూ గుమ్మం తొక్కని చెరువుల కాపలావాళ్ళు కూడా మొదటి పాటకే వచ్చి కూర్చుంటున్నారు. బోర్డుకి ఫొటో తీసుకుని, ప్రసంగం మొదలవగానే ఒక్కొక్కరే జారుకుంటున్నారు. అయ్యగారు ఉజ్జీవం వచ్చింది, జనంలో భక్తి మేలుకుంది అంటున్నారు. బోర్డు తీసేద్దామండీ అంటే, నంబర్లు లేకపోతే ముసలాళ్ళు పాట ఎలా వెతుక్కుంటారమ్మా అన్నారు.

ముందువరసలో ఫోను ఎత్తేది ఎవరనుకున్నారు? మన అల్లుడు జాకబ్. పోయిన వారం మన నిస్సీ కుట్టుమిషను తాకట్టు పెట్టేశాడు. స్కూలు యూనిఫారాలు కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతోందది. ఇప్పుడు చేత్తో కుడుతోంది.

"నాన్నకైతే అలవాటైపోయింది. ఈయనకెవరు నేర్పారమ్మా?" అంది.

నేను సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను.

మీకు చెప్తాను. మీరెవరికీ చెప్పరు కదా.

మీ జ్ఞాపకార్థ కూడికకి ఆ గణపవరం లాటరీ చీటీలమ్మేవాడు వచ్చాడండీ. కడుపునిండా భోంచేశాడు. చెయ్యి కడుక్కుని, అహరోనుగారు ఆర్నెల్లుగా 318 మీదే ఉన్నారమ్మా, అదింకా తగల్లేదు అన్నాడు. వాణ్ణి తిట్టాలి. తిట్టేముందు ఎందుకో లోపలికి వెళ్ళాను. వంద కాగితం పట్టుకుని వచ్చాను.

ఆ ఆదివారం అయ్యగారు మూడో పాట 381 అన్నారు. మీ తర్వాత బోర్డు పని నాదే కదా, నేను 318 పెట్టాను. పొరపాటున కాదు. దేవుడి కంట పడుతుందని పెట్టాను. ఎవరిదో పెళ్ళి ప్రకటన చదివిన ఆ పూటే అందరూ లేచి నిలబడి 318లో ఉన్న చావు పాట పాడారు. అయ్యగారికీ ఏం చెయ్యాలో తోచలేదు, ఆయనా పాడారు.

సోమవారం 318 తగిలింది.

నేనెవరికీ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, ఆ నంబరు బోర్డు మీద ఊరంతా చూసింది కదా. చూసినవాళ్ళలో జాకబ్ ఒకడు.

మీకీ సిమెంటు సమాధి ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? మట్టిదిబ్బగా ఉంటే కొల్లేటి నీళ్ళు వచ్చినప్పుడల్లా కుంగిపోయేది. సంఘంవాళ్ళు కట్టించారని నిస్సీకి చెప్పాను.

సంతకాల కాగితంలో మొదటి పేరు నాదే. మన ఊళ్ళో గెలిచినవాళ్ళలోనూ మొదటి పేరు నాదే. సభలో ఇంకో మాట కూడా చెప్పలేదండీ. ఆ సోమవారం నాకు సంతోషం వేసింది. మీరు అన్నేళ్ళు సైకిలు ఎందుకు తొక్కారో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు సిగ్గేసింది.

రేపు నిస్సీ కొవ్వొత్తులు పట్టుకుని ఇక్కడికే వస్తుంది. మీ ముందరే చెప్పేస్తాను. అది ఎన్నన్నా పడతాను.

ఈ సిమెంటు పట్టుకెళ్తే మిషను తిరిగివ్వరు కదండీ.