మూడోసారి చదువుతున్న నవల

మస్కట్ నుంచి వచ్చి రెండు నెలలైనా భర్త చేతిలోంచి ఆ పాత నవల దిగడం లేదు. ఆమెకు అనుమానం ముదిరింది.

“గా పుస్తకంల పిల్లగాడు సత్యం దేవులాడుకుంట ఇల్లిడిసి పోతడట. పక్కింటి పంతులు చెప్పిండు.”

“అవ్, పోతడు.”

“నువ్వు గూడ పోదామని చూస్తున్నవా?”

“పదేండ్లు పోయే వస్తి గదనే!”

“మరి మూడుసార్లు ఏం సదువుతున్నవ్?”

“వాడు తిరిగొచ్చినంక కత. సొంతిల్లే పరాయిదాని లెక్క అనిపిస్తది వానికి. ఎవ్వలతోని ఏం మాట్లాడాల్నో తెల్వది. రాసినాయన మనిషి కడుపుల జొచ్చి రాసిండే.”

“మరి నీకు తెలుస్తదా, ఏం మాట్లాడాల్నో?”

అతను ఇంకో పేజీ తిప్పాడు.

ఆమె బియ్యం చేట పక్కన పెట్టి అతని దగ్గరగా జరిగి కూర్చుంది.

“వాడు తిరిగొచ్చిన కాడికెల్లి సదువు. నేను గూడ వింట.”